యాభైతొమ్మిదిమంది పుస్తకప్రేమ

పిల్లల పుస్తకాలంటే మీకు ఇష్టమేనా అని పై ఆఫీసువాళ్లు అడిగారు. కాదని శిక్షణలో ఉన్న అమ్మాయిలు నిజం చెప్పేశారు. తర్వాత జరిగిన అనర్థాలన్నిటికీ ఆ నిజమే మూలం.

అది బడి ఈడు రాని పిల్లల కోసం టీచర్లను తయారుచేసే శిక్షణ కేంద్రం. అరవైమంది అమ్మాయిలు, ఏడాది కోర్సు. ఒకనాడు రాజధాని నుంచి నలభై ప్రశ్నల కాగితం దిగింది. 'బాలల పుస్తకములు పఠించునపుడు మీ హృదయము వికసించునా? ఎల్లప్పుడు, అప్పుడప్పుడు, ఎన్నడును లేదు. ఒకదానికి టిక్కు పెట్టుము.' పేరు రాయనక్కర్లేదన్నారు కదా అని అమ్మాయిలు ధైర్యం చేశారు. హైమావతి అనే గడుసుపిల్లయితే టిక్కుతో ఆగకుండా పక్కన రాసింది కూడా: "పుస్తకాలు బీరువాలో ఉన్నాయి. తాళంచెవి సారు జేబులో ఉంది. హృదయం నా దగ్గర ఉంది. మూడూ ఒకచోట చేరాక చెబుతాను."

అందరివీ కలిపి సగటు తీస్తే వందకు ఇరవై రెండు తేలింది.

అధికారులకు గుండె ఆగినంత పనైంది. రేపు పసివాళ్లకు పుస్తకం చూపించాల్సినవాళ్లకే పుస్తకం గిట్టదా! బీరువా తెరిస్తే సరిపోతుందేమోనండీ అని అటెండరు జగ్గులు అన్నాడట గానీ, అటెండర్ల మాటలు మినిట్స్‌లో రాసే ఆనవాయితీ లేదు. లోపం బీరువాలో లేదు, దృక్పథంలో ఉంది అని తేల్చారు. బీరువా తెరవడానికి తాళంచెవి చాలు. దృక్పథం తెరవాలంటే పథకం కావాలి. పథకం వచ్చింది. దాని పేరు 'పఠన దృక్పథ పరివర్తన పథకం'.

కేంద్రం అధిపతి డాక్టర్ పరాంకుశం ఆ ఆర్డరును అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించారు. "ప్రతి శిక్షణార్థి ఏబది బాలల పుస్తకములు పఠించి, పుస్తకమునకు ఒక పుట చొప్పున తన అనుభూతిని డైరీయందు లిఖింపవలెను. వందకు ఎనుబది మార్కుల అనుభూతి కలగనివారికి సర్టిఫికెట్టు ఈయబడదు. ఏడవ నిబంధన: సదరు అనుభూతి శిక్షణార్థి స్వహస్తముతో లిఖింపబడి ఉండవలెను."

"సార్, పుస్తకాలెప్పుడిస్తారండి?" అని వెనక బెంచీలోంచి హైమావతి.

"ముందు మానసికంగా అనుభూతికి సంసిద్ధులు కండి," అన్నారు పరాంకుశం.

సంసిద్ధులవడమెలాగో అమ్మాయిలకు బాగా తెలుసు. గంట కొట్టగానే అరవైమందీ రోడ్డు దాటి ఎదురుగా ఉన్న జిరాక్సు షాపు అరుగు మీదికి వెళ్లారు.

ఆ అరుగు మీద బల్ల వేసుకుని కూర్చునేవాడు సన్యాసిరావు. నలభై ఎనిమిదేళ్లుంటాయి. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారు 'నీ చేతిరాత తప్ప నీలో ఏదీ సరిగ్గా లేదురా' అన్న రోజున బడి మానేసి, ఆ పనీ ఈ పనీ చేసి, చివరికి ఆ సరిగ్గా ఉన్న ఒక్కదానితోనే ఇరవై రెండేళ్లుగా బతుకుతున్నాడు. ట్రైనింగు అమ్మాయిలు చూపించాల్సిన రికార్డులన్నీ రాసిపెడతాడు. పాఠ్యపథకాలు, పిల్లల పరిశీలన నివేదికలు, చార్టులు, బొమ్మలు, అన్నీ. ఆ జిల్లాలో సగంమంది టీచర్లు అతని చేతిమీదుగా పాసైనవాళ్లే. ఎనిమిది గట్టెక్కలేనివాడు టీచరు ట్రైనింగు మాత్రం పదకొండు వందలసార్లు ఫస్టుక్లాసులో పాసయ్యాడు. పరాంకుశం గారి రికార్డు కూడా ఒకప్పుడు అతను రాసిందే. అందుకే ఆయన ఆ షాపు ముందునుంచి వెళ్లేటప్పుడు, ఎండా వానా లేకపోయినా, గొడుగు ఆ వైపుకి వంచుకుని వెళ్తారు.

"బాబాయ్, ఈసారి ఫీలింగులు కూడా నువ్వే రాయాల," అంది హైమావతి, తెల్ల డైరీ బల్ల మీద పెట్టి.

"ఫీలింగులేటే? పాఠం రాయమంతే రాస్తాను, బొమ్మెయ్యమంతే ఏస్తాను. ఫీలింగులు మీయి కదేటి!"

"మాకు నేవు బాబాయ్. నేవనే కదా ఆల కంప్లైంటు!"

సన్యాసిరావు కలం మూత తీశాడు. డైరీ తీసుకున్నాడు. దాని వెనక మరో యాభై ఎనిమిది వచ్చి చేరాయి.

అరవయ్యోది రాలేదు. అది నీలవేణిది. నీలవేణి అతని మేనకోడలు, అక్క కూతురు. గవరమ్మపేట పిల్ల. ఆ ఊళ్లో పిల్లల బడి టీచరు లేక పదకొండు నెలలుగా తాళం పడి ఉంది. ఈ నెలాఖరుకి సర్టిఫికెట్టు చేతికొస్తే ఆ బడి నీలవేణిది. రాకపోతే పోస్టు పక్క మండలానికి పోతుంది, బడిలో పంచాయతీవాళ్లు బ్లీచింగు బస్తాలు వేసుకుంటారు. ఇదంతా తెలిసి కూడా ఆ పిల్ల డైరీ ఇవ్వకపోవడం సన్యాసిరావుకి మింగుడు పడలేదు.

"మిగతావోల్లకి రాసి, సొంత మేనకోడలికి రాయనేదంతారు నన్ను. ఇలా తే."

"నాది నాను రాసుకుంతాను మావయ్యా. ఏడో నిబందన ఉంది కదా."

"నిబందనలుంతాయి. అయుండబట్టే నాకు కూడు దొరుకుతంది."

నీలవేణి నవ్వేసి ఊరుకుంది గానీ డైరీ మాత్రం ఇవ్వలేదు.

పని మొదలెట్టబోతే ఒక చిక్కు వచ్చింది. ఊహించి రాద్దామంటే, ఏ పుస్తకంలో ఏనుగుందో ఏ పుస్తకంలో మేకుందో తెలియకుండా ఏ ఆనందమని రాస్తాడు? సంగతి జగ్గులు చేరవేస్తే పరాంకుశం గారు ఆలోచించారు. అరవైమందికి ఇస్తే నూట ఇరవై చేతులు పడతాయి, పుస్తకాలు నలుగుతాయి, తనిఖీకి కొత్తవిగా కనబడవు. ఒక్కడికిస్తే రెండు చేతులే. "పుస్తక పరిరక్షణ దృష్ట్యా ఇది శ్రేయస్కరం," అని బీరువా తాళంచెవి జగ్గులు చేతిలో పెట్టి, తను మాత్రం కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. యాభై పుస్తకాలూ బియ్యం సంచిలో రోడ్డు దాటాయి. జిల్లాలో మొదటిసారిగా పిల్లల పుస్తకాలు బీరువా దాటి మనుషుల్లోకి వచ్చిన ఘట్టం అది.

ఆ సంచితోపాటు జగ్గులు ఇంకో కాగితం తెచ్చాడు. మార్కులు ఎలా వేస్తారో చెప్పే 'అనుభూతి కొలమానం'. 'ఆనందం' అన్న మాటకు ఒక మార్కు. 'పరవశం'కి రెండు. 'ఆనందబాష్పాలు' మూడు. ఆశ్చర్యార్థకానికి అర. 'నిద్ర', 'విసుగు' వస్తే రెండేసి కోత. 'చిరిగింది' అంటే ఐదు కోత.

సన్యాసిరావు జీవితంలో చాలా రాశాడు గానీ ఇంత తేలికైన పని ఎప్పుడూ రాలేదు. నాలుగు రకాల అనుభూతులు తయారుచేసుకున్నాడు. బాల్యం గుర్తొచ్చింది ఒకటి, ప్రకృతి మీద ప్రేమ పొంగింది రెండు, మంచి పౌరురాలు కావాలనిపించింది మూడు, కళ్లు చెమర్చాయి నాలుగు. వాటిని అటూ ఇటూ మార్చి వేసుకుపోయాడు. షాపు అరుగు కూరల బజారులా తయారైంది.

"బాబాయ్, నాకు బాష్పాలు కాస్త ఎక్కువెయ్యి."

"దానికి నాలుగు పరవశాలేసి నాకు రెండే ఏసేవేటి?"

"ఇది గేదె పుస్తకమే. గేదెని సూసి ఎంతని పరవశమైపోతావు? ఉండు, ఆఖర్న ప్రకృతి కలుపుతాను."

అయితే ఒక సంగతి అతను ఎవరికీ చెప్పుకోలేదు. రాయడానికి చదవాలి కదా అని మొదలెట్టినవాడు, రాయాల్సింది అయిపోయాక కూడా చదువుతున్నాడు. చిన్నప్పుడు అతనికి తెలిసిన పుస్తకమంటే ఎక్కాల పుస్తకమే. అందులో ఏనుగులు లేవు. ఒక మధ్యాహ్నం 'గున్న ఏనుగుకి జలుబు' చదువుతూ పైకే నవ్వేశాడు. జిరాక్సు కుర్రాళ్లు తిరిగి చూశారు. అతను దగ్గినట్టు నటించి, 'ఆనందం' అని రాసి, పక్కన అర మార్కు ఆశ్చర్యార్థకం పెట్టాడు. తన నవ్వు పోయి పోయి ఎవరో సరోజిని డైరీలో చేరింది.

నీలవేణి మాత్రం రోజూ సాయంత్రం వచ్చి, ఆ సంచిలోంచి రెండు పుస్తకాలు తీసుకుని, మర్నాడు సాలీల వీధిలో తను ప్రాక్టీసుకు వెళ్లే పిల్లల బడికి పట్టుకెళ్లేది. ఒకరోజు డైరీ మేనమామకు చూపించింది. సన్యాసిరావు కళ్లజోడు సర్దుకుని చదివాడు.

'కప్ప గొడుగు. నాకు నచ్చలేదు. పిల్లలకు నచ్చింది. ఆరుసార్లు చదివించారు. ఆరోసారికి నాకు విసుగొచ్చింది. ఏడోసారి నా చేతిలోంచి లాక్కుని వాళ్లే చదివారు. వాళ్లలో ఎవరికీ చదవడం రాదు.'

'గున్న ఏనుగుకి జలుబు. ఏనుగు తుమ్మే పేజీలో అందరూ తుమ్మారు. ఇరవై నిమిషాలు తుమ్మారు. ఆయమ్మ వచ్చి నన్ను తిట్టింది.'

'ఈరోజు పుస్తకం చిరిగింది. దున్నపోతు బొమ్మ నాదంటే నాదని ఇద్దరు లాగారు. అన్నం మెతుకులతో అంటించాం. అంటించేది చూడ్డానికి అందరూ కుదురుగా కూర్చున్నారు. కథకి ఎప్పుడూ అంత కుదురుగా కూర్చోలేదు.'

'వెంకటేశు అనే పిల్లాడు రెండు నెలల్నుంచి ఎవరితోనూ మాట్లాడడు. ఈవేళ పేజీ తిప్పబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఉండు అన్నాడు. ఉన్నాను.'

సన్యాసిరావు ఆ పేజీ ఇంకోసారి చదివాడు. తర్వాత వృత్తి గుర్తొచ్చింది.

"అంతా బాగుంది గానీ, అనుభూతేదే?"

"ఏమో మావయ్యా. అదే."

"నా బంగారు తల్లివి కదూ, ఆఖర్న ఒక్క పరవశం తగిలించీ. రెండు మార్కులు."

"అప్పుడు నాను పరవశమవనేదు మావయ్యా. ఆడు ఉండమన్నాడు, ఉన్నాను. అంతే కదా."

"విసుగొచ్చిందని రాసేవు. పుస్తకం సిరిగిందని రాసేవు. అయి రాస్తే నీ గవరమ్మపేట బడి గవరమ్మకే ఒదిలీయాల!"

"మరి విసుగొచ్చింది కదా! ఆరుసార్లు నువ్వు సదివి సూడు ఆ కప్పని!"

సన్యాసిరావు ఆ కప్పను పన్నెండుసార్లు చదివాడు. చెప్పలేదు.

డైరీలు చేరాయి. మార్కులు వచ్చాయి. యాభైతొమ్మిదిమందికీ తొంభై రెండుకీ తొంభై ఎనిమిదికీ మధ్య పడ్డాయి. నీలవేణికి మైనస్ పద్నాలుగు. సున్నాకి కిందకు కూడా అనుభూతి కలగవచ్చని ఆ కొలమానం తయారుచేసినవాళ్లకే అప్పుడు తెలిసింది.

ఇరవై రెండు నుంచి తొంభై ఐదుకి ఎగబాకిన పుస్తకప్రేమను కళ్లారా చూడ్డానికి రాజధాని నుంచి ఇద్దరు దిగారు. ఒకరు జాయింటు డైరెక్టరు చారుమతి మేడమ్. ఇంకొకరు ఈ కొలమానాన్ని కనిపెట్టిన దృక్పథ నిపుణులు, ఆచార్య భాష్యకారులు గారు. డైరీలకు అట్టలు వేయించి హాల్లోకి తెమ్మని కబురొస్తే సన్యాసిరావే మోసుకెళ్లి బల్లమీద పేర్చాడు. పొమ్మని ఎవరూ అనకపోవడంతో తలుపు దగ్గర నిలబడ్డాడు.

భాష్యకారులు ఒక డైరీ తెరిచారు. రెండోది తెరిచారు. మూడోది, నాలుగోది. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. పరాంకుశం గారికి చెమటలు పట్టాయి. అరవై కళ్లజతలు నేల చూస్తున్నాయి.

"మేడమ్," అన్నారు భాష్యకారులు, లేచి నిలబడి. "ఇవన్నీ ఒకే చేతిరాత!"

మేడమ్ చూశారు. నిజమే. ముత్యాల్లాంటి అక్షరాలు, అన్నిట్లోనూ అవే ముత్యాలు.

"పరాంకుశం గారూ, దీనికి మీ వివరణ?"

పరాంకుశం నోరు తెరిచారు. భాష్యకారులే అందుకున్నారు. "వివరణ నేనిస్తాను మేడమ్. ముప్పై ఏళ్లుగా నేను సిద్ధాంతరీత్యా చెబుతున్నది ఇవాళ కళ్లముందు రుజువైంది. దీన్ని మేము దృక్పథ ఏకీభవనం అంటాం. శిక్షణ సంపూర్ణమైతే మనసులు ఒకటవుతాయి. మనసులు ఒకటైతే భావాలు ఒకటవుతాయి. అది పరాకాష్ఠకు చేరితే చేతిరాత ఒకటవుతుంది. ఇంతవరకూ ఏ దేశంలోనూ చేతిరాతదాకా రాలేదు!"

చప్పట్లు ముందు పరాంకుశం గారు కొట్టారు. పోయిన ప్రాణం తిరిగొచ్చినవాడు ఎలా కొడతాడో అలా కొట్టారు. తర్వాత అమ్మాయిలందరూ కొట్టారు. జాయింటు డైరెక్టరు అక్కడికక్కడే ఫోను తీసి, రాష్ట్రస్థాయి బహుమతికి ఈ కేంద్రం పేరు పంపేశారు.

అప్పుడు భాష్యకారుల చేతికి అరవయ్యోది తగిలింది. వంకరటింకర అక్షరాలు, కొట్టివేతలు, ఒక మూల ఎండిన మెతుకు. ఆయన మొహం మారిపోయింది.

"నీలవేణి ఎవరు?"

నీలవేణి లేచి నిలబడింది.

"ఇది ఎవరిచేత రాయించావు?"

"నానే రాసేనండి."

"అబద్ధమాడకు. ఈ కేంద్రం చేతిరాత అదుగో, ఆ ముత్యాలు. అందరిదీ అదే. నీదొక్కటే వేరేగా ఉందంటే, బయటివాళ్లెవరో రాసి ఉండాలి కదా?"

"నేదండీ, నా రాతే అలగుంతాది. కావాలంతే ఇప్పుడు రాసి సూపిస్తాను."

"చూపిస్తావు, ఎందుకు చూపించవు! ఆ బయటి మనిషి చేతిరాత నువ్వు నేర్చుకుని ఉంటావు," అన్నారు భాష్యకారులు. "పైగా విసుగట, తుమ్ములట. శిక్షణ పొందిన మనసులోంచి వచ్చే మాటలేనా ఇవి?"

"ఏడో నిబంధన అతిక్రమణ," అన్నారు మేడమ్, విచారంగానే. "డైరీ ఇతరులతో రాయించినందుకు ఎందుకు అనర్హురాలిగా ప్రకటించకూడదో సాయంత్రం నాలుగింటిలోగా సంజాయిషీ ఇవ్వాలి. లేనిపక్షంలో గవరమ్మపేట పోస్టు పక్క మండలానికి బదలాయించబడుతుంది."

మధ్యాహ్నం షాపు అరుగు మీద నీలవేణి ఏడవలేదు. అందుకే సన్యాసిరావుకి ఇంకా భయమేసింది.

"ఎల్లి సెప్పీస్తానే. ఆ యాభైతొమ్మిదీ నానే రాసేనని సెప్పీస్తాను."

"ఒద్దు మావయ్యా. అందరూ పోతారు. సరోజినికి పెళ్లి కుదిరింది. హైమావతి ఇంట్లో అదొక్కతే దిక్కు. నీ బల్లా పోద్ది."

"మరి నువ్వు?"

"మా పేటలో పదిహేడుమంది గుంటలున్నారు. ఆలకి నువ్వు పోయి సెప్పు, పంతులమ్మ సొంతంగా రాసింది, అందుకని రాదని," అంది నీలవేణి. ఆ మాట ఎకసెక్కానికే అంది. కానీ అని, మొహం పక్కకు తిప్పుకుంది.

సన్యాసిరావు లేచాడు. ఇరవై రెండేళ్లలో చాలా అబద్ధాలు అందంగా రాశాడు. నిజం ఒక్కటీ చెప్పడం అలవాటు లేక, రోడ్డు దాటేటప్పుడు రెండుసార్లు వెనక్కి తిరిగాడు. మూడోసారి తిరగలేదు.

హాల్లో టీ తాగుతున్నారు. చేతులు కట్టుకుని ముందుకెళ్లాడు.

"అయ్యా, ఆ యాభైతొమ్మిది డైరీలూ నాను రాసేనండి. ఆ పిల్లలకేటీ తెలీదు. తప్పు నాది. ఆ నీలవేణిదొక్కటే ఆ పిల్ల సొంతంగా రాసుకుంది."

పరాంకుశం గారి కప్పులోని టీ సాసర్లోకి వచ్చింది.

"మీరేం చదువుకున్నారు?" అని మేడమ్.

"ఎనిమిదో తరగతండి. అదీ సగం."

భాష్యకారులు నవ్వారు. "ఎనిమిదో తరగతివాడు ఇంత ఉన్నత దృక్పథంతో రాశాడంటే నమ్మమంటారా?" అని, ఒక తెల్లకాగితం జరిపి, "రాయండి: గున్న ఏనుగు తుమ్మును విని నేను పరవశించితిని," అన్నారు.

సన్యాసిరావు రాశాడు. ముత్యాలు. భాష్యకారులు కాగితాన్ని డైరీ పక్కన పెట్టి చూశారు. నవ్వు ఆగిపోయింది. మేడమ్ ఫోను వైపు చూశారు. బహుమతికి పేరు వెళ్లి రెండు గంటలైంది. ఒకసారి పైకి పోయిన పేరును కిందికి లాగే ఫారం ఇంతవరకూ ఏ ఆఫీసులోనూ అచ్చు కాలేదు.

చివరికి భాష్యకారులు తన సంచిలోంచి మొదట్లో పంపిన ఆ నలభై ప్రశ్నల కాగితం తీశారు. "ఈయన దృక్పథం కొలుద్దాం," అన్నారు. సన్యాసిరావు టిక్కులు పెట్టాడు. పుస్తకాలు మళ్లీ మళ్లీ చదువుతారా? చదువుతాడు. చదువుతూ నవ్వుకుంటారా? నవ్వుకుంటాడు. మూసేశాక కూడా గుర్తుంటాయా? ఆ కప్ప ఇంకా పోలేదు. మొత్తం కూడితే తొంభై ఏడు వచ్చింది.

"రాష్ట్రంలో ఇదే అత్యధికం," అన్నారు భాష్యకారులు నెమ్మదిగా. "మేడమ్, మనం పొరబడ్డాం. ఇది రాయించడం కాదు. దృక్పథం ఉన్నచోటునుంచి లేనిచోటికి ప్రవహించింది. ఈయన బయటివాడు కాడు. ఈయన వనరు."

మేడమ్ ఊపిరి పీల్చుకున్నారు. అరగంటలో ఆర్డరు తయారైంది. 'శ్రీ సన్యాసిరావును ఈ కేంద్రమునకు అధీకృత అనుభూతి లేఖకునిగా వెనుకటి తేదీ నుండి నియమించడమైనది. ఇకమీదట ఏడవ నిబంధనలో స్వహస్తము అనగా సదరు లేఖకుని హస్తమని గ్రహింపవలెను.'

"మరి నీలవేణి సంగతేటండి?" అన్నాడు సన్యాసిరావు.

"అది మీ చేతిరాత కాదు కదా?"

"కాదండి. ఆ పిల్లదే."

"అయితే అనధీకృతం. ఆమె అనర్హురాలే," అన్నారు మేడమ్. "మా చేతుల్లో ఏమీ లేదు."

సన్యాసిరావు నీలవేణి డైరీని దగ్గరికి జరుపుకున్నాడు. తను నిజం చెప్పడం వల్ల, అంతవరకూ అనుమానంగా ఉన్న నీలవేణి నేరం ఇప్పుడు రుజువైంది.

"అదీ నా రాతే అనుకుంతే?" అన్నాడు.

భాష్యకారులు వంకర అక్షరాల వైపు అనుమానంగా చూశారు. "వేరేగా ఉందే?"

"ఎడమ సేత్తో రాసేనండి."

పరాంకుశం గారు దగ్గారు. ఆ దగ్గులో ఇరవై ఏళ్ల పాత రికార్డు కృతజ్ఞత అంతా ఉంది. "ఆయన రెండు చేతులా రాయగలరు మేడమ్. నాకు వ్యక్తిగతంగా తెలుసు," అన్నారు.

"అలాగైతే అభ్యంతరం లేదు," అన్నారు మేడమ్. "అధీకృత లేఖకుడు రాసినదానికి మార్కులు లెక్కించనక్కర్లేదు. దృక్పథం ఉన్నట్టే భావిస్తాం. మిగతా యాభైతొమ్మిదింటికీ చేతిరాతే సాక్ష్యం. ఇది తేడాగా ఉంది గనక దీనికి మాత్రం కింద ధ్రువీకరణ కావాలి. 'ఈ డైరీ యావత్తూ నేనే రాసితిని' అని రాసి సంతకం చెయ్యండి."

నీలవేణిని లోపలికి పిలిచారు. మేడమ్ విషయం చెప్పారు. ఆ పిల్ల మొహంలో మొదట కోపం, తర్వాత ఏదో లెక్క, ఆ తర్వాత నవ్వులాంటిది వచ్చి పోయాయి. డైరీని చేతిలోకి తీసుకుని, 'ఉన్నాను' అన్న పేజీ ఒకసారి చూసుకుని, మేనమామ ముందు పెట్టింది.

"సంతకం ఎట్టీ మావయ్యా. సోమారం నుండి బడి తెరవాల. నాను రాసేనని గుంటలకి తెలిస్తే సాలు, ఆలెలాగూ కింద సంతకం సదవరు."

సన్యాసిరావు ధ్రువీకరణ ముత్యాల్లా రాశాడు. సంతకం దగ్గరికి వచ్చేసరికి కలం ఆగింది. రాసినవాటికి ఇరవై రెండేళ్లలో ఒక్కసారీ సంతకం పెట్టలేదు. వాటి కింద పెట్టే పేరెప్పుడూ ఇంకొకరిది. మొదటి అక్షరం పెద్దదయింది, మిగతావి ఒకదానిమీద ఒకటి ఎక్కాయి, చివరి అక్షరం గీత దాటి కిందికి జారిపోయింది.

భాష్యకారులు అది చూసి నొసలు చిట్లించారు. "ఇది మీ చేతిరాతలా లేదే?"

"సంతకాలు అలాగే ఉంటాయి లెండి," అని మేడమ్ ముద్ర వేసి సర్టిఫికెట్టు ఇచ్చేశారు.

నీలవేణి సర్టిఫికెట్టు పట్టుకుని, వంగి ఆ సంతకం వైపు చూసింది.

"నీ సంతకం ఇలగుంతాదేటి మావయ్యా? నానెప్పుడూ సూడనేదు."

"నానూ సూడనేదే," అన్నాడు సన్యాసిరావు.